అమ్మమ్మతో, చంటిపిల్లలతో ఇంగ్లండ్ పల్లెపట్టులో ఒక రోజు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో ఇంగ్లండ్‌లోని మన ఇళ్ళలో ఒక జాబితా తయారవుతుంది. పొద్దున ఒక కోట, మధ్యాహ్నం ఒక సరస్సు, సాయంత్రం సముద్రతీరం. ఇంటికి చేరేసరికి పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు, పెద్దవాళ్ళకు కాళ్ళు వాస్తాయి, ఫోనులో రెండు వందల ఫొటోలు మిగులుతాయి. మేమూ రెండేళ్ళు అలాగే తిరిగాం. డెర్బీ నుంచి గంటలోపు దూరంలో ఉన్న డవ్‌డేల్ అనే నదీలోయకు ఒకసారి ఇంకే పనీ పెట్టుకోకుండా వెళ్ళాం. మా అమ్మ ఏటి ఒడ్డున రాతి మీద కూర్చుని, నీళ్ళలోకి చూస్తూ, తెనాలి దగ్గర వాళ్ళ ఊరి కాలవ సంగతులు పిల్లలకు రెండు గంటలు చెప్పింది. ఆమె తిరిగి వెళ్ళాక ఫోనులో ఇప్పటికీ అడిగేది ఆ ఏటి గురించే. అందుకే నేను చెప్పేది ఒక్క చోటుకే వెళ్ళమని. ఆ చోటును మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని చూసి ఎంచుకోవాలి.

మొదట మనుషులు, తరువాత చోటు

ఎవరెవరు వస్తున్నారో కాగితం మీద రాయండి. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు, చీర కట్టుకునే అత్తగారు, నాలుగేళ్ళ పాప, తోపుడుబండిలో చంటివాడు. వీళ్ళలో ఎవరు ముందు అలసిపోతారో వారి నడకే మీ అందరి నడక.

కొండదారిలో ఎంతసేపు పడుతుందో లెక్క వేయడానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు మరో గంట. అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ లెక్క. పిల్లలూ ముసలివాళ్ళూ ఉంటే వచ్చిన సమయాన్ని రెట్టింపు చేయండి, భోజనానికి గంట కలపండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మూడు నాలుగు కిలోమీటర్లు చాలు. అది తక్కువని మీకు అనిపించవచ్చు. ప్రతి పుల్లనూ ఏరుకునే నాలుగేళ్ళ పాపకు అది పూర్తి రోజు.

దారిలో అడ్డం వచ్చేవి కొండలు మాత్రమే కావు. పొలాల మధ్య కంచెలు దాటడానికి చెక్కమెట్లు ఉంటాయి, వాటిని స్టైల్ అంటారు. ఒక కాలు ఎత్తి అవతల వేసి దిగాలి. చీరతో అది కష్టం, మోకాళ్ళ నొప్పితో మరీ కష్టం. కిస్సింగ్ గేట్ అని ఇంకొకటి ఉంటుంది. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, తలుపును వెనక్కి తోసి, పక్క నుంచి బయటపడాలి. తోపుడుబండి చాలాసార్లు అందులో పట్టదు. చంటిపిల్లలను వీపున మోసే సంచి ఉంటే అది తీసుకువెళ్ళండి. స్టైల్‌లు లేని దారుల కోసం పీక్ డిస్ట్రిక్ట్, లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులు రెండూ ‘మైల్స్ వితౌట్ స్టైల్స్’ అనే పేరుతో దారుల వివరాలు ఇస్తున్నాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు వెతకవలసింది ముందు ఆ పేరే.

ఎక్కడికి వెళ్ళాలి

నేను పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళిన చోట్లే చెబుతాను.

లెస్టర్ పక్కన బ్రాడ్‌గేట్ పార్క్. న్యూటౌన్ లిన్‌ఫర్డ్ ఊరి వైపు గేటు నుంచి చిన్న ఏటి పక్కన చదునైన తారుబాట ఉంటుంది. తోపుడుబండి, చక్రాల కుర్చీ హాయిగా వెళతాయి. దారి పక్కనే జింకల మందలు తిరుగుతాయి. ఆ బాట మీదే ఒక శిథిలమైన ఇటుకల భవనం వస్తుంది. 1553లో తొమ్మిది రోజులు ఇంగ్లండ్ రాణిగా ఉండి, ఆ తరువాత తల నరికించుకున్న లేడీ జేన్ గ్రే బాల్యం గడిచింది అక్కడే. చరిత్ర ఇష్టమైన తాతగారికి ఆ గోడల దగ్గర అరగంట ఇట్టే గడిచిపోతుంది. జింకలకు కనీసం యాభై మీటర్ల దూరంలో ఉండండి. అవి పిల్లలు పెట్టే మే నుంచి జూలై వరకు, మగజింకలు పోట్లాడుకునే అక్టోబర్‌లో మరీ జాగ్రత్త.

డవ్‌డేల్‌లో కారు నిలిపే చోటు నుంచి ఏటి వెంట చదునుగా కొంత దూరం నడిస్తే నదిని దాటే రాళ్ళ వరుస వస్తుంది. ఆ రాళ్ళ మీద వంగి చూడమని పిల్లలకు చెప్పండి. చిన్న చిన్న చక్రాల్లా, తెగిన పూసల దండలా కొన్ని ముద్రలు కనిపిస్తాయి. ఆ సున్నపురాయి దాదాపు 35 కోట్ల ఏళ్ళ కిందట వెచ్చని సముద్రం అడుగున ఏర్పడింది. అప్పుడు బతికిన, పువ్వుల్లా కనిపించే క్రైనాయిడ్‌లు అనే సముద్రజీవుల కాడలే ఆ పూసలు. మా అబ్బాయి మొదటిసారి చూసినప్పుడు ఒక్కో రాయి మీద కూర్చుని లెక్కపెడుతూ వచ్చాడు. వెనక జనం ఆగిపోయారు. ఎవరూ విసుక్కోలేదు, వాళ్ళూ వంగి చూశారు.

అసలు నడవలేని పెద్దవాళ్ళుంటే పీక్ డిస్ట్రిక్ట్‌లోని మాన్సల్ ట్రయల్‌ను మించింది లేదు. 1968లో మూతపడిన రైలుమార్గం అది. పట్టాలు తీసేసి ఎనిమిదిన్నర మైళ్ళ చదును బాటగా మార్చారు. మధ్యలో రైలు సొరంగాలు ఉన్నాయి, 2011లో వాటిని నడిచేవాళ్ళకు తెరిచారు. పిల్లలకు సొరంగంలో కేక వేసి ప్రతిధ్వని వినడమే పండగ. పగలు లోపల దీపాలు ఉంటాయి, అయినా చేతిలో ఒక టార్చి ఉంచుకోండి.

లండన్ చుట్టుపక్కల ఉండేవారికి సర్రేలోని బాక్స్ హిల్. వాటర్లూ నుంచి రైలులో వెళ్ళవచ్చు. స్టేషన్ పేరు బాక్స్ హిల్ అండ్ వెస్ట్‌హంబుల్. అక్కడినుంచి మోల్ నది మీద రాళ్ళ వరుస దాటి కొండ ఎక్కాలంటే నిటారు మెట్లున్నాయి. పెద్దవాళ్ళను అలా తీసుకువెళ్ళకండి. కారులో పైకే వెళితే, అక్కడినుంచి లోయ మొత్తం కనిపించే చోటు కొద్ది అడుగుల దూరం. కుర్రవాళ్ళు కిందినుంచి ఎక్కి వస్తే, పెద్దలు పైన ఎదురుచూడవచ్చు. వానలకు నది పొంగితే ఆ రాళ్ళు మునుగుతాయి, అప్పుడు పక్కనే ఉన్న కాలివంతెన వాడండి.

రెడింగ్, స్విండన్ వైపు ఉంటే యుఫింగ్టన్ తెల్లగుర్రం చూడండి. కొండ మీద లోతుగా కందకాలు తవ్వి, వాటిలో సుద్ద నింపి గీసిన ఈ గుర్రం దాదాపు 110 మీటర్ల పొడవు, వయసు సుమారు మూడు వేల ఏళ్ళు. గడ్డి కమ్మేయకుండా అన్ని తరాలవాళ్ళూ కలుపు తీసి కొత్త సుద్ద కొడుతూ వచ్చారు కాబట్టే అది ఇంకా కనిపిస్తోంది. ఏటా గుడికి సున్నం వేసే ఊళ్ళనుంచి వచ్చిన మనకు ఆ సంగతి చప్పున అర్థమవుతుంది.

రోజు, గంట, వాన

ఏప్రిల్ చివర, మే మొదట్లో అడవుల్లో బ్లూబెల్ పూలు నేలంతా నీలంగా పరుచుకుంటాయి. హార్ట్‌ఫర్డ్‌షైర్ దగ్గర ఆష్‌రిడ్జ్ అడవి దానికి పేరుపడింది. ఫొటో కోసం పిల్లలను పూల మధ్య కూర్చోబెట్టకండి. తొక్కిన మొక్క కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది, గడ్డలు తవ్వడం చట్టప్రకారం నేరం. ఆగస్టు చివరినుంచి కంచెల మీద బ్లాక్‌బెర్రీలు పండుతాయి. ఇంటివరకు కోసుకోవచ్చు. కుక్కలు కాలెత్తే ఎత్తుకు పైన ఉన్నవే కోయండి.

బ్యాంక్ హాలిడే సోమవారాలు వద్దు. ఏ రోజైనా పది గంటలలోపు కారు నిలిపే చోట ఉండేలా బయలుదేరండి, ఎండ ఉన్న ఆదివారం పదకొండు దాటితే పేరున్న చోట్లలో ఖాళీ దొరకదు. చాలాచోట్ల డబ్బు కట్టే యంత్రం దగ్గర ఫోను సిగ్నల్ ఉండదు. పౌండు నాణేలు కొన్ని కారులో ఎప్పుడూ ఉంచండి. పాత కట్టడాలనూ పల్లె నేలలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలో సభ్యులైతే వాళ్ళ స్థలాల్లో కారుకు డబ్బు కట్టనక్కరలేదు. ఏడాదిలో ఆరేడుసార్లు వెళ్ళే కుటుంబానికి సభ్యత్వం గిట్టుబాటే. రైలులో అయితే ఐదేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్‌తో పెద్దవాళ్ళకు మూడో వంతు, ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు 60 శాతం తగ్గుతుంది. కార్డుదారుతో కలిపి నలుగురు పెద్దలు, నలుగురు పిల్లలు దాని మీద వెళ్ళవచ్చు, కనీసం ఒక పిల్లవాడు వెంట ఉండాలి.

మెట్ ఆఫీస్‌లో మీ ఊరి వాతావరణం చూసి బయలుదేరకండి, వెళ్ళే చోటు పేరు వేసి గంట గంటకూ చూడండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేవరకు వెలుగు ఉంటుంది కనుక తొందర లేదు. డిసెంబర్‌లో నాలుగుకల్లా చీకటి పడుతుంది, రెండున్నరకే కారు వైపు తిరగాలి.

కాలిబాటను చదవడం

మన ఊళ్ళలో ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్క అరుగు. ఇక్కడ పబ్లిక్ ఫుట్‌పాత్ అని బోర్డు ఉంటే, అది ఎవరి పొలం అయినా సరే, అందులోంచి నడిచి వెళ్ళడానికి మీకు చట్టబద్ధమైన హక్కు ఉందని అర్థం. మనవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గోధుమచేను మధ్యలోంచి బాట పోతుంటే, గట్టు మీద నడిచి పెరిగిన కాళ్ళు పైరులో అడుగు పెట్టడానికి ఒప్పవు. మా నాన్న చేను చివర నిలబడి, “రైతు చూస్తే బాధపడడూ?” అన్నారు. బాధపడడు. దున్నిన తరువాత 14 రోజుల్లో ఆ బాటను మళ్ళీ కనిపించేలా చేయవలసిన బాధ్యత ఆ రైతుదే. మీరు చేయవలసింది ఒకరి వెనక ఒకరు బాట మీదే నడవడం.

గేటు స్తంభం మీద పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళకు. నీలం బాణం ఉంటే గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా, కాబట్టి పిల్లలను పక్కకు పెట్టుకుని నడవండి. గోధుమరంగు వలయంలో నడిచే మనిషి బొమ్మ ఉంటే, 2000 నాటి చట్టం కింద ఆ బీడంతా స్వేచ్ఛగా తిరగవచ్చు.

ఈ హక్కులు ఊరికే రాలేదు. పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ కొండ భూస్వాముల వేటకు కేటాయించి ఉన్న రోజుల్లో, 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు మిల్లు కార్మికులు, కుర్రవాళ్ళు వందలమంది కలిసి దాని మీదికి నడిచారు. ఐదుగురు జైలుకు వెళ్ళారు. 1951లో దేశంలో మొదటి నేషనల్ పార్కుగా ఏర్పడింది ఆ పీక్ డిస్ట్రిక్టే. ఎడేల్ స్టేషన్‌లో దిగి ఆ కొండను చూపిస్తూ పిల్లలకు ఈ కథ చెప్పండి.

ఫోను పటాన్ని మాత్రమే నమ్ముకోవద్దు. ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి నారింజరంగు అట్ట ఎక్స్‌ప్లోరర్ పటం కొనండి. నేల మీది కిలోమీటరు అందులో నాలుగు సెంటీమీటర్లు, కాలిబాటలు ఆకుపచ్చ గీతల్లో ఉంటాయి. డవ్‌డేల్ ప్రాంతానికి ఓఎల్ 24 నంబరు. పదేళ్ళ పిల్లకు పటం అప్పగించి దారి చెప్పమంటే “ఇంకెంత దూరం” అనే ప్రశ్న మాయమవుతుంది.

సంచిలో ఏమి ఉండాలి

పులిహోర. వెయ్యేళ్ళ అనుభవంతో మనవాళ్ళు ప్రయాణానికి కనిపెట్టిన అన్నం అది, చల్లారినా రుచి పోదు. దద్దోజనం వేసవిలో చల్లని సంచి ఉంటేనే. చపాతీలు, బంగాళాదుంప వేపుడు, ఒక చిన్న డబ్బాలో ఆవకాయ. ఫ్లాస్కులో టీ. పల్లెటూరి పబ్బుల్లో పిల్లలను సాధారణంగా రానిస్తారు, కానీ మధ్యాహ్నం వంట ఆపేసే వేళలు ఉంటాయి, శాకాహారం ఒకటి రెండు రకాలే ఉండవచ్చు. అక్కడ భోజనం మీద ఆశ పెట్టుకోకుండా, టీ, స్కోన్ కోసం వెళ్ళడం మేలు.

చేతితో తినేవాళ్ళం కాబట్టి తాగే నీళ్ళు కాక చేతులు కడుక్కోవడానికి రెండు లీటర్ల సీసా విడిగా పెట్టండి. దారిలో కుళాయి ఉండదు. మరుగుదొడ్డి కూడా ఉండదు. కారు నిలిపిన చోట ఉంటే అందరూ వెళ్ళివచ్చిన తరువాతే నడక మొదలుపెట్టండి, అవసరం లేదన్నవాళ్ళు కూడా. పెద్దవాళ్ళు ఈ ఇబ్బంది నోరు విప్పి చెప్పరు. నీళ్ళు తాగడం మానేసి ఓర్చుకుంటారు. దారి ఎంచుకునేటప్పుడే మీరు ఆ సంగతి చూసుకోవాలి.

జీన్స్ తడిస్తే బరువెక్కి వణికిస్తాయి. పలుచని బట్టలు రెండు మూడు పొరలుగా వేసి, పైన వాన ఆపే కోటు వేయండి. పిల్లలకు రబ్బరు బూట్లు. చీర కట్టుకునేవారికి కింద లెగ్గింగ్, కాళ్ళకు పట్టు ఉన్న బూట్లు. చెప్పులతో తడిగడ్డి మీద జారిపడడం నేను కళ్ళారా చూశాను. కారులో అందరికీ ఒక్కో జత పొడి సాక్సులు ఉంచండి.

నిప్పుతో పని పెట్టుకోకండి. ఒకసారి వాడి పారేసే బార్బెక్యూ పళ్ళెం ఎండిన బీడు మీద పెడితే, అక్కడి పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేల, లోలోపల రోజుల తరబడి కాలుతుంది. తెచ్చిన చెత్త, నారింజ తొక్కతో సహా, ఇంటికే.

దారిలో

గేటు మూసి ఉంటే మూసి వెళ్ళండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. అవతల గొర్రెలకు నీళ్ళ దారి అదే కావచ్చు.

ఆవుల సంగతి వివరంగా చెప్పాలి. ఆవు కనిపిస్తే దగ్గరకు వెళ్ళి నుదురు తాకి కళ్ళకు అద్దుకోవడం మన అలవాటు. మా అమ్మ అలాగే చేయి చాచి బయలుదేరింది. ఆ ఆవు తల పైకెత్తి, చెవులు నిక్కించి, అమ్మకూ వెనక పడుకున్న దూడకూ మధ్యకు వచ్చి నిలబడింది. అమ్మ పెరిగింది ఆవులతోనే, ఆ చూపు ఆమెకు తెలిసింది. నెమ్మదిగా వెనక్కి నడిచింది. ఇక్కడి ఆవులు పెరట్లో పేరు పెట్టి పిలిచిన ఆవులు కావు, వాటిలో చాలావాటికి మనిషి చేయి అలవాటు లేదు. దూడలున్న మందలోంచి బాట పోతుంటే దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళండి. ఆవుకూ దూడకూ మధ్యకు ఎన్నడూ వెళ్ళకండి. పరుగెత్తకండి, అరవకండి.

మన పిల్లల్లో చాలామందికి కుక్కలంటే భయం, ఇక్కడ కుక్కలు గొలుసు లేకుండా ఎదురువస్తాయి. పరుగెడితే అది ఆట అనుకుని వెంటపడుతుంది. చేతులు కట్టుకుని, చెట్టులా నిలబడి, పక్కకు చూడమని ఇంట్లోనే రెండుసార్లు అభ్యాసం చేయించండి. యజమానిని పిలిచి పట్టుకోమని అడగడానికి మొహమాటం అక్కరలేదు.

బాట పక్క రంపపు అంచుల ఆకులతో నడుము ఎత్తు మొక్కలుంటే అవి నెటిల్స్, మన దూలగొండిలా మండిస్తాయి. పక్కనే పెరిగే వెడల్పాటి డాక్ ఆకుతో రుద్దడం ఇంగ్లండ్ తల్లుల చిట్కా. ఏడుపు మళ్ళించడానికి అది బాగానే పనికివస్తుంది, చల్లని నీళ్ళతో కడగడం కూడా మరవకండి. ఏటి ఒడ్డున మనిషిని మించిన ఎత్తులో కొత్తిమీర పూలలా తెల్లని గొడుగులు విప్పిన మొక్క కనిపిస్తే, అది జయంట్ హాగ్‌వీడ్. దాని పాలు తగిలిన చోట ఎండ పడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ముట్టనివ్వకండి.

నీళ్ళ విషయంలో ఎవరు నవ్వినా సరే కఠినంగా ఉండండి. ఎండ మండే జూలైలో కూడా ఇక్కడి నదులు, క్వారీ గుంటలు, జలాశయాలు ఊపిరి ఆగిపోయేంత చల్లగా ఉంటాయి. ఈత వచ్చినవాళ్ళు కూడా మునిగేది ఆ చలి దెబ్బకే. దక్షిణ సముద్రతీరంలోని సెవెన్ సిస్టర్స్ సుద్ద కొండల అంచులు చెప్పకుండా విరిగి పడతాయి. కింద ఖాళీ ఉన్న సంగతి పైనుంచి కనిపించదు. ఫొటో కోసం అంచుకు వెళ్ళవద్దు, అడుగున గోడ నీడన కూర్చోవద్దు.

కొండ మీద ఎవరికైనా దెబ్బ తగిలితే 999కి ఫోను చేసి, పోలీసులను, తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగండి. సిగ్నల్ బలహీనంగా ఉంటే సందేశం పంపవచ్చు, కానీ అందుకు ముందే ఇంగ్లీషులో ‘register’ అని 999కి సందేశం పెట్టి నమోదు చేసుకోవాలి. ఈ రాత్రే చేయండి, రెండు నిమిషాల పని.

ఇంటికి వచ్చాక

పిల్లలకు స్నానం చేయించేటప్పుడు మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చంకల్లో, జుట్టు అంచుల్లో వెతకండి. గడ్డిలో, ఫెర్న్‌లలో ఉండే పిడుదులు గసగసంత ఉంటాయి. కొన్ని లైమ్ అనే బాక్టీరియా జబ్బు తెస్తాయి. ఒకటి కనిపిస్తే సన్నని మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని నెమ్మదిగా నేరుగా పైకి లాగండి. నలపకండి, నూనె పోయకండి, కాల్చకండి. తేదీ రాసి పెట్టుకోండి. తరువాతి వారాల్లో అక్కడ గుండ్రంగా ఎర్రటి మచ్చ విస్తరించినా, జ్వరం వచ్చినా, పిడుదు కరిచిన సంగతి చెప్పి డాక్టరుకు చూపించండి.

బ్లాక్‌బెర్రీలను ఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచితే లోపలి పురుగులు బయటికి వస్తాయి. బూట్ల బురద తడిగా ఉన్నప్పుడే దులిపి, లోపల పాత వార్తాపత్రిక కుక్కి, హీటరుకు దూరంగా పెట్టండి. తెల్లారి ఆ కాగితం తీసి కొత్తది పెడితే, ఆదివారం తడిసినవి మంగళవారానికి ఆరిపోతాయి.